‘గ్రూప్ 1 వయబుల్ కాదు’: పాస్‌త్రూ ఎర్రర్లు ఎందుకింత ముక్తసరిగా ఉంటాయి?

గ్రాఫిక్స్ కార్డును నేరుగా వర్చువల్ మెషీన్‌కే (కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఇంకో కంప్యూటర్‌కు) అప్పగించడాన్ని పాస్‌త్రూ అంటారు. దాన్ని లైనక్స్‌లో మొదటిసారి ప్రయత్నించేవాళ్లలో చాలామందికి ఎదురయ్యే వాక్యం ఇది: ‘గ్రూప్ 1 ఈజ్ నాట్ వయబుల్’, అంటే ఈ గ్రూపును అప్పగించడం కుదరదని. దాని కిందే ఒక సలహా కూడా ఉంటుంది. దయచేసి ఈ ఐఓఎంఎంయూ గ్రూపులోని డివైజులన్నీ వాటి వీఎఫ్ఐఓ డ్రైవర్‌కు బైండ్ అయ్యేలా చూసుకోండి అని. చూడ్డానికి మర్యాదగా, కాస్త సాయం చేస్తున్నట్టే ఉంటుంది. కానీ దాన్ని అక్షరాలా పాటిస్తే పని జరగదు సరికదా, ఇంకో కొత్త ఎర్రర్ వచ్చి కూర్చుంటుంది.

ఎందుకో తెలియాలంటే తెర వెనక ఏం జరుగుతుందో కొంచెం చూడాలి. మామూలుగా వర్చువల్ మెషీన్‌కు కనిపించే నెట్‌వర్క్ కార్డు, డిస్కు, డిస్‌ప్లే అన్నీ సాఫ్ట్‌వేర్ ఆడించే బొమ్మలు. పాస్‌త్రూలో అలా కాదు. హోస్ట్, అంటే అసలు కంప్యూటర్, తన డ్రైవర్‌ను తప్పించి, ఆ స్థానంలో వీఎఫ్ఐఓ-పీసీఐ అనే కాపలా డ్రైవర్‌ను పెట్టి, అసలు కార్డునే గెస్ట్ (వర్చువల్ మెషీన్) చేతికిస్తుంది. చిక్కేమిటంటే, కార్డు తనంతట తాను మెమరీలో రాయగలదు. గెస్ట్ చెప్పినట్టు విని హోస్ట్ మెమరీని కెలికేయకుండా అడ్డుపడేది ఐఓఎంఎంయూ అనే హార్డ్‌వేర్. ఏయే డివైజులను అది ఒకదాన్నుంచి ఒకటి వేరు చేసి చూడలేదో, వాటన్నిటినీ కలిపి ఒక గ్రూప్ అంటారు. గ్రూపులో సగం గెస్ట్‌కు, సగం హోస్ట్‌కు అంటే కుదరదు. ఈ ఏర్పాటు 2012లో, లైనక్స్ 3.6తో కెర్నల్‌లోకి, అంటే లైనక్స్ మూలభాగంలోకి, వచ్చింది.

ఇప్పుడు మామూలు ఇంటెల్ డెస్క్‌టాప్ ఒకటి తీసుకుందాం. పీసీఐ అంటే కార్డులను ప్రాసెసర్‌కు కలిపే దారి. అందులో గ్రూప్ 1లో సాధారణంగా కనిపించేవి ఇవి: 0000:00:01.0 దగ్గర ప్రాసెసర్ తాలూకు పీసీఐ బ్రిడ్జి, 0000:01:00.0 దగ్గర గ్రాఫిక్స్ కార్డు, 0000:01:00.1 దగ్గర అదే కార్డులోని ఆడియో భాగం. కార్డు ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 20 సిరీస్‌ది అయితే 01:00.2 దగ్గర ఒక యూఎస్‌బీ కంట్రోలర్, 01:00.3 దగ్గర యూఎస్‌బీ-సీ కంట్రోలర్ కూడా ఉండొచ్చు. కార్డు కొన్న మనిషికి అది ఒక్క వస్తువు. పీసీఐ లెక్కలో నాలుగు. గ్రాఫిక్స్ భాగాన్ని, ఆడియోను వీఎఫ్ఐఓకు బైండ్ చేసి, కార్డులో యూఎస్‌బీ ఉందన్న సంగతే తెలియక వదిలేస్తారు. అప్పుడు వచ్చేదే ‘నాట్ వయబుల్’.

సలహా ‘అన్నీ’ అంటుంది కాబట్టి మనిషి ఏం చేస్తాడు? గ్రూపులో కనిపించిన బ్రిడ్జిని కూడా వీఎఫ్ఐఓ-పీసీఐకి కట్టబోతాడు. ఆ డ్రైవర్ బ్రిడ్జిలను తీసుకోదు. మామూలు డివైజు కాని దేన్నయినా మైనస్ 22 అనే ఎర్రర్ నంబరుతో వెనక్కి తోసేస్తుంది. కెర్నల్ లాగ్‌లో ‘ప్రోబ్ ఫెయిల్డ్ విత్ ఎర్రర్ -22’ అని పడుతుంది. నిజానికి బ్రిడ్జిని ముట్టుకోనక్కర్లేదు, దాని మామూలు డ్రైవర్‌తో ఉంటే గ్రూపుకు అభ్యంతరం లేదు. ఏ డ్రైవరూ లేకుండా ఖాళీగా ఉన్న డివైజుతోనూ ఇబ్బంది లేదు. అంటే ‘అన్నీ’ అన్నదీ తప్పే, ‘బైండ్ అయి ఉండాలి’ అన్నదీ పూర్తిగా నిజం కాదు. ఆ సలహా రాసినవాళ్లకు ఇవి తెలియక కాదు. అన్ని సందర్భాలకూ సరిపోయే ఒక్క వాక్యం రాయాలని కూర్చుంటే ఇలాంటి వాక్యమే వస్తుంది.

అసలు లోపం మాటల్లో కూడా లేదు. వర్చువల్ మెషీన్‌ను నడిపే క్యూఎము, గ్రూప్ పరిస్థితి ఏమిటని కెర్నల్‌ను అడిగినప్పుడు జవాబుగా వచ్చేది ఒక ఫ్లాగు. వయబుల్ అయితే ఆ బిట్ 1, కాకపోతే 0. ఏ డివైజు అడ్డుపడింది, దాన్ని ఏ డ్రైవర్ పట్టుకుని ఉంది అనే సంగతులకు ఆ జవాబులో చోటే లేదు. ఏ డివైజును ఏ డ్రైవర్ పట్టుకుందో లెక్క ఉండేది కెర్నల్ దగ్గరే. ఎక్కడ తేడా కొట్టిందో కావాలంటే అది చూసి చెప్పగలదు. తెలిసినదంతా ఒక బిట్‌గా కుదించి పైకి పంపింది. పాస్‌త్రూ ఎర్రర్లలో చాలావాటి కథ ఇంతే: ఓడిపోయిన చోట అన్నీ తెలుసు, చదివే చోటుకు చేరేసరికి పేర్లన్నీ రాలిపోతాయి.

అదే సందేశం ఇలా ఉంటే ఎలా ఉంటుందో ఊహించండి. ‘గ్రూప్ 1ని గెస్ట్‌కు ఇవ్వలేం. 0000:01:00.2 (యూఎస్‌బీ కంట్రోలర్) ఇంకా హోస్ట్ యూఎస్‌బీ డ్రైవర్ చేతిలోనే ఉంది. 01:00.0, 01:00.1 సిద్ధంగా ఉన్నాయి. 00:01.0 బ్రిడ్జి, దాన్ని కదపనక్కర్లేదు.’ మూడు నాలుగు గంటల వెతుకులాట ఇందులో మిగులుతుంది. కొత్త మర్యాదలేవీ చేర్చలేదు, ‘దయచేసి’ కూడా తీసేశాం. చేర్చినవల్లా పేర్లు.

మెట్టు దిగిన కొద్దీ

పేర్లు రాలిపోవడానికి మెట్లు చాలానే ఉన్నాయి. కెర్నల్‌లో ఫంక్షన్ విఫలమైతే పైకి వచ్చేది ఒక నంబరు. దానికి క్యూఎము తన వాక్యం తగిలిస్తుంది. దాన్ని క్యూఎమును నిర్వహించే లిబ్‌వర్ట్ అనే సాఫ్ట్‌వేర్ పట్టుకుని ‘ఇంటర్నల్ ఎర్రర్, క్యూఎము అనుకోకుండా మానిటర్ మూసేసింది’ అని ముందు ఇంకో తొడుగు వేస్తుంది. లిబ్‌వర్ట్ లేకుండా వర్చువల్ మెషీన్లను నడిపే ప్రాక్స్‌మాక్స్ అనే సాఫ్ట్‌వేర్ వెబ్ పేజీ అయితే ‘క్యూఎము కోడ్ 1తో ఆగిపోయింది’ అని తేల్చేస్తుంది. ఊళ్లో గొడవ జరిగితే జిల్లా కేంద్రానికి ‘ఊళ్లో ఏదో జరిగింది’ అని కబురు చేరినట్టు.

క్యూఎములో ఈ పరిస్థితి ఇంతకుముందు ఇంకా అధ్వానంగా ఉండేది. వీఎఫ్ఐఓ కోడ్‌లో ఎక్కడికక్కడ ఒక లైను అచ్చువేసి మైనస్ నంబరు వెనక్కి పంపేవారు. 2016 చివర్లో వచ్చిన 2.8 వెర్షన్ నాటికి ఆ కోడ్‌ను మార్చి, లోపల పుట్టిన ఎర్రర్‌ను ఒక వస్తువుగా పైకి మోసుకొచ్చే పద్ధతి పెట్టారు. దారిలో ప్రతి ఫంక్షనూ తన వంతు సమాచారం ముందు తగిలిస్తుంది. అందుకే ఇప్పుడు కనీసం డివైజు చిరునామా, గ్రూప్ నంబరు కనిపిస్తున్నాయి. మంచి మార్పే.

అయితే ఇందులో ఒక మెలిక ఉంది. క్యూఎము ఎర్రర్‌కు రెండు భాగాలు ఉంటాయి: అసలు సందేశం, దానికి తోకలా హింట్. మనిషి చదివే చోట అచ్చయితే హింట్ కూడా కనిపిస్తుంది. యంత్రాలు మాట్లాడుకునే క్యూఎంపీ దారిలో వెళ్తే హింట్‌ను వదిలేస్తారు. ఇది పొరపాటు కాదు, కోడ్ కామెంట్లలోనే స్పష్టంగా రాసిపెట్టిన నియమం. దాని ఫలితం చూడండి. మెషీన్ స్టార్ట్ చేస్తున్నప్పుడు పాస్‌త్రూ విఫలమైతే లిబ్‌వర్ట్ క్యూఎము లాగ్ నుంచి లైన్లు తెచ్చి చూపిస్తుంది కాబట్టి సలహా కనిపిస్తుంది. నడుస్తున్న మెషీన్‌కు అదే కార్డును తగిలించబోతే కబురు క్యూఎంపీ మీదుగా వస్తుంది, సలహా మాయమవుతుంది. ఒకే తప్పు, ఒకే కోడ్, రెండు రకాల ఎర్రర్లు. పనికొచ్చే ముక్క హింట్‌లో పెట్టాలా, అసలు సందేశంలో పెట్టాలా అన్న ప్రశ్నకు దీనితోనే జవాబు దొరుకుతుంది. డివైజు పేరు, పరిమితి విలువ లాంటివి ఎప్పుడూ సందేశంలోనే ఉండాలి. మహా అయితే ‘ఇలా చేసి చూడండి’ అన్న ముక్కను హింట్‌కు వదలొచ్చు.

నంబర్ల సంగతికొస్తే, వాటిలో కాస్త నవ్వు తెప్పించేది 25. కార్డును రీసెట్ చేయమని అడిగినప్పుడు, ఆ కార్డుకు రీసెట్ పద్ధతి ఏదీ లేకపోతే కెర్నల్ ఇచ్చే నంబరు అది. యూనిక్స్ పాత రోజుల్లో దానికి ‘ఇది టైప్‌రైటర్ కాదు’ అని అర్థం. టెర్మినల్‌కు ఇవ్వాల్సిన ఆజ్ఞను ఇంకో ఫైలుకు ఇస్తే వచ్చేది. ఇప్పుడు దాని పాఠం ‘ఇన్‌అప్రోప్రియేట్ ఐఓసీటీఎల్ ఫర్ డివైజ్’. వేల రూపాయలు పోసి కొన్న కార్డుకు ఆ మాట చూసి గుండె జారిపోనివాళ్లు తక్కువ. ప్రాక్స్‌మాక్స్‌లో ఇది పడినప్పుడు దాని వెంటే ఇంకో లైను వస్తుంది: రీసెట్ కాలేదు, అయినా అన్ని డివైజులకూ రీసెట్ అవసరం ఉండదు కాబట్టి ముందుకెళ్తున్నాం అని. మొదటి లైను యంత్రం నోటి నుంచి ఊడిపడింది, రెండోది చదివే మనిషిని తలుచుకుని రాసింది. రెండూ పక్కపక్కనే ఉండటం వల్ల తేడా ఎవరికైనా తెలుస్తుంది.

12వ నంబరు ఇంకా ఘోరం, ఎందుకంటే అది నమ్మబుద్ధయ్యేలా అబద్ధం చెబుతుంది. పాస్‌త్రూలో కార్డు ఏ క్షణంలో గెస్ట్ మెమరీలో ఎక్కడ రాస్తుందో తెలియదు కాబట్టి, గెస్ట్ మెమరీ మొత్తాన్ని ర్యామ్‌లో కదలకుండా బిగించి పెట్టాలి. ఒక ప్రాసెస్ ఎంత మెమరీ బిగించవచ్చో దానికి ఒక పరిమితి ఉంటుంది. చాలాకాలం అది డిఫాల్ట్‌గా 64 కేబీ, లైనక్స్ 5.16 నుంచి 8 ఎంబీ. 16 జీబీ గెస్ట్‌కు ఇది ఏ మూలకు? మామూలుగా లిబ్‌వర్ట్ ఈ పరిమితిని తనే పెంచుతుంది. క్యూఎమును సొంతంగా, మామూలు యూజర్‌గా నడిపేవాళ్లకు మాత్రం ‘కెనాట్ అలొకేట్ మెమరీ’ అని వస్తుంది. మెషీన్‌లో 64 జీబీ ఉంది, 50 జీబీ ఖాళీగా ఉంది, మెమరీ లేదంటోంది! మనిషి గెస్ట్ ర్యామ్ తగ్గిస్తాడు, బ్రౌజర్ మూస్తాడు, ఇంకో ర్యామ్ స్టిక్ కొనే ఆలోచనలో పడతాడు. ఆ సమయంలో కెర్నల్ లాగ్‌లో మాత్రం అసలు కారణం పడి ఉంటుంది: బిగించే మెమరీ పరిమితి 65536 దాటింది అని, పరిమితి పేరుతో, విలువతో సహా. రెండు కబుర్లూ ఒకే సంఘటన నుంచి పుట్టాయి. తెలివైనది ఎవరూ చూడని గదిలో ఉండిపోయింది, తెలివితక్కువది ముందు గదిలోకి వచ్చింది. పైగా ఇప్పుడు చాలా లైనక్స్ రకాల్లో (డిస్ట్రోల్లో) మామూలు యూజర్‌కు కెర్నల్ లాగ్ చదివే అనుమతి కూడా ఉండదు.

చచ్చిన కార్డు చెప్పే నంబర్లు

కొన్ని ఎర్రర్లు కారణం చెప్పవు, లక్షణం చెబుతాయి. డాక్టర్ దగ్గరికెళ్తే ‘మీకు జ్వరం ఉంది’ అని చెప్పి పంపేసినట్టు. ‘అన్‌నోన్ పీసీఐ హెడర్ టైప్ 127’ వాటిలో మేటి. 127 అనే హెడర్ రకం పీసీఐలో లేదు. మరి ఎక్కడి నుంచి వచ్చింది? పీసీఐ బస్ మీద డివైజు జవాబు ఇవ్వకపోతే చదివినవాళ్లకు అన్నీ ఒకట్లే కనిపిస్తాయి. హెడర్ రకం రాసి ఉండేది ఒక బైటు, అంటే 8 బిట్లు. అన్నీ ఒకట్లయితే 255. అందులో పై బిట్ ‘ఈ కార్డులో ఒకటికి మించి భాగాలున్నాయి’ అని చెప్పే గుర్తు. దాన్ని తీసేస్తే మిగిలేది 127. అంటే ఆ సందేశానికి అసలు అర్థం ‘కార్డు పలకడం లేదు’. గెస్ట్ ఆగిపోయాక రీసెట్ సరిగా కాని కొన్ని ఏఎండీ కార్డులతో ఇది చాలామందికి అనుభవం. హోస్ట్ రీబూట్ చేస్తే తప్ప కార్డు మళ్లీ లేవదు.

అదే కుటుంబానికి చెందిన ‘స్టక్ ఇన్ డీ3’ కొంచెం నయం. డీ3 అంటే కరెంటు దాదాపు ఆపేసిన నిద్ర స్థితి. అయితే ఇక్కడా తికమక ఉంది. పవర్ స్థితి ఉండే రిజిస్టర్‌లో కూడా అన్నీ ఒకట్లే చదివితే, ఆ రెండు బిట్లు 3 అవుతాయి. నిద్రపోయిన కార్డూ డీ3లో ఉన్నట్టే కనిపిస్తుంది, బస్ మీంచి మాయమైన కార్డూ డీ3లో ఉన్నట్టే కనిపిస్తుంది. జనం పవర్ సేవింగ్ సెట్టింగుల వెంట పడతారు. కెర్నల్‌వాళ్లు తర్వాతి వెర్షన్లలో దీన్ని గుర్తించి, పవర్ స్థితి మారలేదని చెప్పే తమ సందేశం చివర ‘డివైజ్ ఇన్‌యాక్సెసిబుల్’ అని చేర్చారు. చేర్చింది రెండు మాటలే, కానీ వెతకాల్సిన దిక్కు మారిపోయింది.

మంచిగా రాసినవి కూడా ఇదే ఊళ్లో దొరుకుతాయి. రీసెట్ తర్వాత కార్డు కోసం ఎదురుచూస్తూ కెర్నల్ ‘1023 మిల్లీసెకన్లయినా సిద్ధం కాలేదు, చూస్తున్నాం’ అంటుంది, తర్వాత 2047, 4095 అంటూ ప్రతిసారీ గడువు రెట్టింపు చేసుకుంటూ పోయి, చివరికి 65535 దగ్గర ‘వదిలేస్తున్నాం’ అంటుంది. ఏం చేస్తోంది, ఎంతసేపు చేసింది, ఎక్కడ ఆపింది అన్నీ ఉన్నాయి. చదివినవాళ్లకు కార్డు ఒక నిమిషం పైగా లేవలేదని తేలిపోతుంది.

ఇంకో జత చూడండి, రెండూ ఒకే కెర్నల్‌వి, రెండూ పీసీఐ కోడ్‌వే. మెషీన్ బూట్ అయ్యేటప్పుడు ఒక డివైజుకు కేటాయించిన చిరునామా ఇంకోదానితో ఢీకొంటే ‘ఫలానాదానితో చిరునామా గొడవ’ అని ఎదుటివాడి పేరుతో సహా చెబుతుంది. కానీ పాస్‌త్రూ వేళ వీఎఫ్ఐఓ కార్డు మెమరీని తన పేర రిజర్వ్ చేసుకోబోతే ‘బార్ 1: కాంట్ రిజర్వ్’ (బార్ అంటే కార్డు మెమరీ ప్రాంతం) అంటుంది, అంతే. ఎవరి దగ్గరుందో చెప్పదు. చాలాసార్లు ఆ దొంగ ఎవరంటే, బూట్ అవుతున్నప్పుడు తెర మీద అక్షరాలు చూపించడానికి పెట్టుకున్న చిన్న ఫ్రేమ్‌బఫర్. బూట్ అయ్యాక దాని పని అయిపోయింది, కానీ మెమరీ వదల్లేదు. మెమరీ పటం ఫైలు తెరిచి చూస్తే ఆ చిరునామా ఎదురుగా దాని పేరు కనిపిస్తుంది. రిజర్వేషన్ తిరస్కరించిన కోడ్‌కు ఆ పేరు చేయి చాపితే అందే దూరంలోనే ఉంది. చెప్పలేదు.

పైగా ఆ లైను ఒకసారి కాదు, వందలు వేలసార్లు పడి లాగ్‌ను నింపేస్తుంది. అసలు కారణం చెప్పే లైను ఏదైనా ముందు వచ్చి ఉంటే అది కొట్టుకుపోతుంది. ఇలా జరగకూడదని కొన్నిచోట్ల ‘ఒక్కసారి మాత్రమే చెప్పు’ అని రాస్తారు. దానికి ఇంకో తలనొప్పి. మొదటి ప్రయత్నంలో లాగ్ చూడని మనిషి రెండోసారి ప్రయత్నిస్తూ లాగ్ ముందు కూర్చుంటే, అక్కడ నిశ్శబ్దం. ఇది ఊరికే అలవాటుగా పెట్టుకున్న జాగ్రత్త కాదు. గెస్ట్ లోపలి మనిషి కావాలని హోస్ట్ లాగ్‌ను ముంచేయగలిగితే అది భద్రత సమస్య. కాబట్టి డివైజుకు ఒకసారి, ప్రతి కొత్త ప్రయత్నానికి ఒకసారి అన్న కొలత నయం, మెషీన్ జీవితకాలంలో ఒకసారి అన్నదానికన్నా.

గెస్ట్ లోపలి నుంచి చూస్తే

ఇప్పటివరకు చూసినవి హోస్ట్ వైపువి. గెస్ట్ లోపల నడిచే డ్రైవర్‌కు తను వర్చువల్ మెషీన్‌లో ఉన్నానన్న ఊహే ఉండదు చాలాసార్లు. లైనక్స్ గెస్ట్‌లో ఎన్విడియా డ్రైవర్‌కు కార్డు పెద్ద మెమరీ ప్రాంతం కనబడకపోతే ‘బార్ 1 సైజు 0’ అని చెప్పి, ‘సిస్టమ్ బయాస్ మీ జీపీయూను తప్పుగా అమర్చి ఉండొచ్చు’ అంటుంది. మనిషి హోస్ట్ రీబూట్ చేసి, డిలీట్ కీ నొక్కుతూ మదర్‌బోర్డు బయాస్‌లోకి పోయి కనిపించిన ఆప్షనల్లా తిప్పుతాడు. కానీ ఆ డ్రైవర్ మాట్లాడుతున్నది గెస్ట్ బయాస్ గురించి, అంటే క్యూఎముతో పాటు వచ్చే ఓవీఎంఎఫ్ అనే ఫర్మ్‌వేర్ గురించి. పెద్ద కార్డుకు సరిపడా 64-బిట్ చిరునామా జాగా అది కేటాయించలేదు. దాన్ని పెంచే సెట్టింగ్ మెషీన్ కాన్ఫిగరేషన్‌లో ఉంది, మదర్‌బోర్డులో కాదు. డ్రైవర్ మాట తప్పు కాదు, కానీ ఆ మాట విన్నవాడు నిలబడ్డ చోటు వేరు.

చిరునామాలదీ ఇదే తంతు. గెస్ట్‌లో కార్డు 06:00.0 దగ్గర ఉంటుంది, హోస్ట్‌లో 01:00.0 దగ్గర. గెస్ట్ ఎర్రర్ చూసి హోస్ట్‌లో 06:00.0 వెతికితే అక్కడ ఎస్‌ఎస్‌డీయో, వైఫై కార్డో కనబడుతుంది. పాపం అది ఏ నేరమూ చేయలేదు.

విండోస్ గెస్ట్‌లో వచ్చే ‘కోడ్ 43’ వీటన్నిటికీ భిన్నమైనది. ‘ఈ డివైజు సమస్యలు ఉన్నాయని తెలిపింది కాబట్టి విండోస్ దాన్ని ఆపేసింది’ అని దాని పాఠం. ఏళ్ల తరబడి ఎన్విడియా జీఫోర్స్ డ్రైవర్ తను వర్చువల్ మెషీన్‌లో ఉన్నానని గుర్తిస్తే పనిచేయడం మానేసేది. తెర మీద పడేది 43. జనం హైపర్‌వైజర్ (వర్చువల్ మెషీన్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) గుర్తులు దాచి డ్రైవర్‌ను ఏమార్చడం నేర్చుకున్నారు. 2021 మార్చిలో 465 సిరీస్ డ్రైవర్లతో కంపెనీ జీఫోర్స్ పాస్‌త్రూను బీటాగా అనుమతించింది. ఇక్కడ సమాచారం దారిలో రాలిపోలేదు, ఎవరూ పైకి చెప్పలేదు, అంతే. దాని నష్టం పాలసీ మారాకా మిగిలింది. ఇవాళ 43 కనబడితే కార్డు చెడిందా, ఫర్మ్‌వేర్ రోమ్ దొరకలేదా, పవర్ అందలేదా అన్నది తేల్చడానికి ముందు, చాలామంది ఇప్పటికీ హైపర్‌వైజర్‌ను దాచే పాత చిట్కాలే పెడుతున్నారు.

అంతా బాగుందని చెప్పే అబద్ధాలు

ఎర్రర్ సందేశాలను బాగుచేసేవాళ్లు సాధారణంగా పట్టించుకోని విషయం ఒకటుంది: తప్పుగా భరోసా ఇచ్చే లైన్లు. ఇంటెల్ మెషీన్‌లో ఐఓఎంఎంయూ పనిచేస్తోందో లేదో చూడ్డానికి చాలామంది కెర్నల్ లాగ్‌లో ‘డీఎంఏఆర్: ఐఓఎంఎంయూ ఎనేబుల్డ్’ కోసం వెతుకుతారు. కనబడితే హమ్మయ్య అనుకుంటారు. నిజానికి ఆ లైను చెప్పేది, బూట్ ఆప్షన్‌గా ఐఓఎంఎంయూ ఆన్ అని రాసినదాన్ని కెర్నల్ చదివింది అని మాత్రమే. బయాస్‌లో వీటీ-డీ (ఐఓఎంఎంయూకు ఇంటెల్ పెట్టిన పేరు) ఆఫ్‌లో ఉన్నా ఆ లైను నిక్షేపంగా పడుతుంది. అర్జీ అందిందని రసీదు ఇస్తే, పని అయిపోయిందని అనుకున్నట్టు. గ్రూపుల డైరెక్టరీలో ఏమైనా ఉందా, ఖాళీగా ఉందా అన్నదే అసలు పరీక్ష.

దీనికి అద్దం పట్టినట్టు ఇంకో చివర లిబ్‌వర్ట్ సందేశం ఉంది: ‘హోస్ట్ పీసీఐ డివైజుల పాస్‌త్రూను సపోర్ట్ చేయదు’. బయాస్‌లో ఒక స్విచ్ ఆఫ్‌లో ఉన్నా ఇదే, బూట్ ఆప్షన్ మర్చిపోయినా ఇదే. సపోర్ట్ చేయకపోవడం వేరు, ఆపి ఉంచడం వేరు. ఈ ఒక్క క్రియాపదం చూసి ‘నా బోర్డు పనికిరాదు’ అని ఆశ వదులుకున్నవాళ్లు ఉంటారు. ప్రాక్స్‌మాక్స్ ఇక్కడ ‘ఐఓఎంఎంయూ కనబడలేదు, యాక్టివేట్ చేయండి’ అంటుంది. ఆ మాటలో కనీసం ఒక తలుపు తెరిచి ఉంది.

సలహా ఇవ్వడం మంచిదే అయినా దానికీ హద్దు ఉంది. ఇంటరప్ట్ రీమ్యాపింగ్ (కార్డులు ప్రాసెసర్‌ను పిలిచే సంకేతాలను వడపోసే ఏర్పాటు) లేని మెషీన్‌లో పాస్‌త్రూ చేయబోతే పైకి ‘ఆపరేషన్ నాట్ పర్మిటెడ్’ అని వస్తుంది. రూట్‌గా ఉండి కూడా పర్మిషన్ లేదంటే టెన్షన్ రాక ఏమవుతుంది? కెర్నల్ లాగ్‌లో మాత్రం కారణం చెప్పి, దాటడానికి ఒక మాడ్యూల్ ఆప్షన్ పేరు కూడా ఇస్తుంది. ఆ పేరులోనే ‘అన్‌సేఫ్’ అన్న మాట ఇరికించారు. రాసినవాళ్ల తెలివి అక్కడుంది. రీమ్యాపింగ్ లేకపోతే గెస్ట్ చేతిలోని కార్డు తనకు సంబంధం లేని ఇంటరప్టులను హోస్ట్ మీదికి వదలగలదు. సొంత ఇంట్లో, సొంత గెస్ట్‌తో అయితే ఆ ప్రమాదం తలకెత్తుకోవచ్చు. ఊరూపేరూ తెలియనివాళ్లకు మెషీన్లు అద్దెకిచ్చేవాళ్లు అలా చేస్తే కొంప మునుగుతుంది. తాళం ఎలా తీయాలో చెప్పే సందేశం ఆ తాళం దేన్ని కాపాడుతోందో కూడా చెప్పాలి. లేకపోతే జనం కాపీ పేస్ట్ చేసి పోతారు. గ్రూపులను బలవంతంగా విడగొట్టే ప్యాచ్ మెయిన్‌లైన్ కెర్నల్‌లో లేకపోయినా ఎంతమంది దాన్ని వాడుతున్నారో చూస్తే ఈ భయం ఉత్తుత్తిది కాదని తెలుస్తుంది.

హద్దుకు రెండో వైపు ఉదాహరణ కూడా ఉంది. కొన్ని సర్వర్లలో ఫర్మ్‌వేర్ ఒక మెమరీ భాగాన్ని డివైజుకు శాశ్వతంగా రాసిచ్చేస్తుంది. అలాంటి డివైజును గెస్ట్‌కు ఇవ్వలేమని కెర్నల్ నిరాకరిస్తుంది. సందేశం కారణం స్పష్టంగా చెప్పి, చివర ‘ప్లాట్‌ఫామ్ తయారీదారును సంప్రదించండి’ అంటుంది. పదేళ్ల కిందటి సెకండ్‌హ్యాండ్ సర్వర్ కొన్నవాళ్లు ఎవరిని సంప్రదించాలి? కానీ ఆలోచిస్తే ఇంతకన్నా నిజాయితీగా చెప్పలేం. సరిచేయాల్సింది నిజంగానే ఫర్మ్‌వేర్ రాసినవాళ్లు.

ఇటీవలి పనుల్లో చెప్పుకోదగ్గది 2025లో వచ్చిన క్యూఎము 10.0లోనిది. ఇళ్లలో వాడే కొన్ని ప్రాసెసర్లలో ఐఓఎంఎంయూ 39 బిట్ల చిరునామాల వరకే అందుకోగలదు, అంటే 512 జీబీ వరకు. ప్రాసెసర్ అంతకన్నా వెడల్పు చిరునామాలు వాడుతుంటే, గెస్ట్ ఫర్మ్‌వేర్ కార్డు మెమరీని ఆ 512 జీబీ గీతకు అవతల పెట్టేస్తుంది. మ్యాపింగ్ విఫలమై, పొడవాటి హెక్స్ నంబర్ల మధ్య మైనస్ 22 కనబడేది. విచిత్రమేమిటంటే మెషీన్ ఆగదు. పోయేది రెండు కార్డులు నేరుగా ఒకదానితో ఒకటి మాట్లాడుకునే వీలు మాత్రమే, అది చాలామందికి అక్కర్లేదు కూడా. ఎర్రర్ అని అరిచినా పని నడిచిపోయేది, దాంతో వేరే కారణంతో ఆగినప్పుడు జనం ఈ లైన్లనే పట్టుకుని వేలాడేవారు. కొత్త వెర్షన్‌లో, కార్డుల మధ్య నేరు సంభాషణ ఉండదన్న పర్యవసానం చెప్పి, చిరునామా వెడల్పుల తేడా వైపు వేలు చూపించేలా మార్చారు. తప్పు తీవ్రత ఎంతో సరిగ్గా చెప్పడం కూడా సందేశం పనే.

కెర్నల్ నుంచి నంబరుతో పాటు మాట కూడా పంపడం అసాధ్యమేమీ కాదు. నెట్‌వర్క్ కోడ్ ఆ పని 2017లోనే చేసి చూపించింది. లైనక్స్ 4.12తో వచ్చిన మార్పు వల్ల, నెట్‌వర్క్ సెట్టింగ్ తిరస్కరించినప్పుడు ‘ఇన్వాలిడ్ ఆర్గ్యుమెంట్’ అనే మూగ జవాబు పక్కన ఒక వాక్యం, తప్పు ఏ అంశంలో ఉందో చూపే గుర్తు కూడా వస్తాయి. 2020లో 5.9 వెర్షన్ డ్రైవర్లకు ఇంకో సదుపాయం ఇచ్చింది: డివైజు ఎందుకు వాయిదా పడిందో కారణం రాసిపెట్టి, అడిగినప్పుడు చూపించడం. వీఎఫ్ఐఓ మాత్రం ఐఓసీటీఎల్ (ప్రోగ్రాము కెర్నల్‌ను అడిగితే నంబరు జవాబుగా వచ్చే పిలుపు) దారిలో నడుస్తుంది, ఆ దారిలో వాక్యానికి చోటు లేదు. 2023లో 6.2తో వచ్చిన ఐఓఎంఎంయూఎఫ్‌డీ పాత గ్రూప్ పద్ధతికి బదులుగా తెచ్చిన కొత్త ఇంటర్‌ఫేస్. అందులోనూ విఫలమైతే చేతికొచ్చేది నంబరే.

తెలుగులో ఈ సందేశాలు ఉంటే మేలు కదా అని అనిపించవచ్చు. లిబ్‌వర్ట్‌కు తెలుగు అనువాద ఫైలు ఉంది. దాన్ని వాడితే ముందు తొడుగు తెలుగులో, లోపలి క్యూఎము ముక్క ఇంగ్లిష్‌లో, కలగాపులగంగా వస్తుంది. అంతకన్నా పెద్ద చిక్కు, జనం ఎర్రర్ లైనును యథాతథంగా వెతికి పరిష్కారం పట్టుకుంటారు. అనువదించిన లైనుకు జవాబులు దొరకవు. మారని చిన్న గుర్తింపు కోడ్ ప్రతి ఎర్రర్‌కూ ఉంటే, వాక్యం ఏ భాషలో ఉన్నా, మాటలు ఎన్నిసార్లు మెరుగుపరిచినా వెతుకులాట దెబ్బతినదు. ‘వయబుల్’కు ‘జీవయోగ్యం’ అని నిఘంటువు మాట పెడితే మాత్రం ఎవరికీ ఒరిగేదేమీ లేదు.

ఇంటర్‌ఫేస్ మారేదాకా చేతులు కట్టుకు కూర్చోవాల్సిన పనీ లేదు. గ్రూప్ వయబుల్ కాదన్న బిట్ చేతికొచ్చిన మరుక్షణం క్యూఎము సిస్‌ఎఫ్‌ఎస్‌లో (కెర్నల్ తన సమాచారాన్ని ఫైళ్లుగా చూపించే చోట) ఆ గ్రూప్ డైరెక్టరీ తెరిచి, అందులోని ఒక్కో డివైజు చిరునామా, రకం, దాన్ని పట్టుకున్న డ్రైవర్ పేరు చదివి సందేశంలో పెట్టొచ్చు. అన్నీ మామూలు ఫైళ్లు, ఎవరైనా చదవొచ్చు. చదివే లోపు డ్రైవర్ మారిపోతే పేరు తప్పు పడే అవకాశం కొంచెం ఉంది, అందుకని ‘ఇప్పుడు చూస్తే’ అన్న మాట ముందు పెడితే సరి. యాభై లైన్ల సీ కోడ్ దాటదు, కెర్నల్‌లో ఒక్క అక్షరం మార్చనక్కర్లేదు. 01:00.2 యూఎస్‌బీ కంట్రోలర్ పేరు ఆ డైరెక్టరీలో ఇప్పటికే ఉంది.